ఓడకు పరీక్ష, పళ్లెమునకు లేదా?

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు ముద్ర లభించినప్పుడు మేమును అందరితోపాటు సంతోషించితిమి. యాలాల రైతుల ఉత్పత్తిదారుల సంఘము ముందునకు వచ్చి దరఖాస్తు పెట్టినది. వ్యవసాయ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తోడ్పడినారు. 1999వ సంవత్సరపు చట్టము క్రింద ఆ పేరు ఈ నేలకు దక్కినది. నాపరాతి పొరలమీద పరచుకొనిన నల్లరేగడి, అందలి సున్నపు సత్తువ, అట్టాపుల్గైటు అను బంకమన్ను, వీనివలన ఈ పప్పునకు ఒక ప్రత్యేకమైన రుచి వచ్చినదని శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెప్పుచున్నారు. త్వరగా ఉడుకునని మన యిండ్లలోని తల్లులు తరతరములుగా చెప్పుచునే యున్నారు. 1874లో సికిందరాబాదునుండి వాడికి రైలుమార్గము పడినది మొదలు వికారాబాదు, తాండూరు స్టేషనులు ఈ సీమ పంటకు వాకిండ్లు. ఆ వాకిటిలో నేడొక క్రొత్త ప్రశ్న నిలిచియున్నది.

మాలో ఒకరు పంట దినములలో తాండూరు మార్కెటు యార్డునకు పోయి యుండిరి. ఒక వృద్ధ రైతు తన సంచులప్రక్కన కూర్చుండి యుండెను. విదేశమునకు సరకు పంపు వర్తకుడొకడు గింజ చూచెను, మెచ్చెను, ధరయు చెప్పెను, పిమ్మట, “ఇందులో జి.ఎం. లేదని కాగితమున్నదా?” అని యడిగెను. కాగితము లేదు. బేరము పోయినది. రైతు మావానివైపు తిరిగి, “వకీలు సాబూ, మా కంది మంచిదని సర్కారే ముద్రేసింది గద. మళ్ల అందుల ఏందో లేదని కాయితం తెమ్మంటె నేనేడికెళ్లి తేవాలె?” అనెను.

న్యాయస్థానములో ప్రతిపక్షము వారికి సమాధానము చెప్పుట మాకు వృత్తి. ఈ ప్రశ్నకు మాత్రము మావానికి నోరు పెగలలేదు. ఇది ఒక్క రైతు బేరము సంగతి కాదని తోచినందుననే నేడు ఇంత నిడివిగా వ్రాయుచున్నాము.

జి.ఎం. అనగా జన్యుమార్పిడి. ఒక జీవియొక్క జన్యువును ప్రయోగశాలలో గైకొని వేరొక జీవి బీజములో ప్రవేశపెట్టుట. బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ అను మట్టిలోని సూక్ష్మజీవి జన్యువును పత్తి బీజములో చేర్చగా వచ్చినదే బీటీ పత్తి. 2002 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వము దానికి అనుమతినిచ్చినది. నేడు దేశములోని పత్తిచేలలో నూటికి తొంబదికి పైగా అదియే. ఈ జిల్లాలోను పత్తి యనగా బీటీ పత్తియే.

కందిలో అట్టిది లేదు. లోకములో ఎక్కడను జన్యుమార్పిడి కందిని రైతులు వర్తకమునకు పండించుట లేదు. మనకు పొరుగుననే పటాన్‌చెరువులో 1972 నుండి యున్న ఇక్రిశాట్ సంస్థలో కాయతొలుచు పురుగును నిలువరించుటకై బీటీ జన్యువును కందిలో చేర్చి ప్రయోగములు చేసిరి. అవి ప్రయోగములుగానే నిలిచినవి. తాండూరు పరిశోధన క్షేత్రమునుండి వచ్చిన ‘హనుమ’ వంటి రకములు ఏరి, సంకరపరచి తీసినవే కాని జన్యువులు చొప్పించినవి కావు. అట్లయినచో లేని వస్తువు లేదని రుజువేల? ‘కందకు లేని దురద కత్తిపీటకేల’ అని మా మిత్రులే కొందరు మమ్ము పరిహసించుచున్నారు.

వారికి మా విన్నపమేమనగా, ఒక్కసారి మన చేలగట్టు మీదికి రండు. పత్తి నాలుగు సాళ్లు, ఆరు సాళ్లు వేసి నడుమ ఒక సాలు కంది వేయుట మన తెలంగాణములో సర్వసామాన్యము. పత్తి తెచ్చిన ట్రాక్టరే కందిని తెచ్చును. పత్తి నింపిన గోనెలోనే కంది నింపుదురు. ఆ కంది యార్డులో రాశిపడి, మిల్లునకు పోయి, సోయాబీను, మొక్కజొన్న నడచిన గిడ్డంగిలో నిద్రించి, తుదకు ఓడ ఎక్కును. త్రోవలో ఎక్కడనో ఒక పగిలిన పత్తిగింజ, ఇంత సోయా పొడి అంటుకొనినను చాలును. ఏలయన, నేటి పరీక్ష కంటికి కనబడు దానిని చూచునది కాదు. గింజలను పిండిచేసి, అందుండి డి.ఎన్.ఏ.ను వేరుపరచి, పి.సి.ఆర్. అను ప్రక్రియచే దానిని కోట్లంతలుగా పెంచి, జన్యుమార్పిడిలో సాధారణముగా వాడు తునకలు ఉన్నవా లేవా యని వెదకును. అణుమాత్రమున్నను పట్టును. కంది నిర్దోషియే, కాని నేరస్థుని సంచిలో దొరికినందున బోను ఎక్కవలసి వచ్చును.

ఐరోపా సమాఖ్య 2003వ సంవత్సరపు నిబంధనలో, తాము అనుమతించిన జన్యుమార్పిడి పదార్థము నూటికి 0.9 వంతుకు మించినచో పొట్లముపై వ్రాయవలెనని శాసించుకొన్నది. తాము అనుమతించనిది ఆహారములో అణువైనను కూడదని చెప్పినది. వారి ప్రజల పళ్లెమును వారు కాచుకొనుచున్నారు. అది వారి హక్కు. దానిని మేము తప్పుపట్టము.

2021లో జరిగినది చూడుడు. మన దేశపు నూకలతో ఐరోపాలో చేసిన బియ్యపు పిండిలో అనుమతిలేని జన్యుమార్పిడి వరి జాడ కనబడినదని ఫ్రాన్సునుండి హెచ్చరిక వెలువడెను. సుమారు 500 టన్నుల నూకల మాట అది. ఆ పిండి కలిసిన మిఠాయిలు మొదలైనవాటిని పలు దేశములలో అంగళ్లనుండి వెనుకకు తీసుకొనిరి. మన వాణిజ్య శాఖవారు, మా దేశములో జన్యుమార్పిడి వరి సాగే లేదు, సరకు అనేక చేతులు మారినది, కలయిక అచ్చటనే జరిగియుండవచ్చును అని జవాబిచ్చిరి. వారి జవాబు నిజమే కావచ్చును. కాని వారి చేతిలో ప్రయోగశాల నివేదిక ఉన్నది, మన చేతిలో నోటిమాట యున్నది. సరకు ఓడ ఎక్కునాడు సాక్షుల యెదుట మాదిరి తీసి, ముద్రవేసి, సగము మనయొద్ద దాచుకొని యుండినచో ఆ నివేదికకు ప్రతినివేదిక చూపియుందుము. చిన్న మునసబు కోర్టులో పదిరూపాయల దావాకైనను దస్తావేజు తెమ్మందురే, కోట్ల వర్తకమునకు దస్తావేజు అక్కరలేదా?

ఈ కష్టము మనకొక్కరికే వచ్చినది కాదు. 2006లో అమెరికా వరిలో, అప్పటికి అమ్మకపు అనుమతి లేని బేయరు కంపెనీవారి వరి జాడ బయటపడెను. ఐరోపా, జపాను తలుపులు మూసినవి, ధర కుప్పకూలెను. అచ్చటి రైతులు కోర్టులకెక్కగా 2011లో ఆ కంపెనీ 75 కోట్ల డాలర్ల వరకు చెల్లించుటకు ఒప్పుకొనెను. కెనడా అవిసెల కథ మరియొకటి: ‘ట్రిఫిడ్’ అను జన్యుమార్పిడి రకమును 2001లోనే రద్దుచేసికొనిరి, ఐనను 2009లో అది ఐరోపాకు పోయిన సరకులో తేలెను. ఎనిమిదేండ్ల క్రితము చంపితిమనుకొన్న విత్తనము లేచి వచ్చి పెద్ద సంతను మూయించెను. అమెరికా రైతునకు నష్టపరిహారమైనను ముట్టినది. యాలాల రైతు ఎవరిమీద దావా వేయును? ఏ కాగితము చూపి వేయును?

ఇంతవరకు ఓడ సంగతి. ఇప్పుడు పళ్లెము సంగతి వ్రాయుదుము; నిజమునకు మా మనస్సులోని బాధ ఇదియే.

ఐరోపా వాని బిడ్డ తిను గింజకు పరీక్ష కలదు. ఆ గింజను పండించినవాని బిడ్డ తిను తిండికి లేదు. బీటీ పత్తి బట్టకే కదా యని అనుమతించిరి. ఆ పత్తి గింజను గానుగ పట్టి నూనె తీయుచున్నారు. ఆ నూనె వంటలోనికి వచ్చుచున్నది. పిండి చెక్కను పాడిపశువునకు వేయుచున్నారు. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు అంగళ్లలోని 65 ఆహార పదార్థములను పరీక్షింపగా 21 పదార్థములలో జన్యుమార్పిడి జాడ కనబడెను. అందులో అధికము విదేశములనుండి వచ్చినవి; మన దేశములో తయారైన వాటిలో ముఖ్యముగా పత్తిగింజల నూనె పట్టుబడినది. ప్రభుత్వము చేయవలసిన పనిని ఒక ప్రజాసంస్థ చేసి చూపవలసి వచ్చినది.

చట్టము లేదని చెప్పుటకు వీలులేదు. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 22వ సెక్షనులో, నిబంధనలకు లోబడి తప్ప జన్యుమార్పిడి ఆహారమును తయారుచేయరాదు, అమ్మరాదు, దిగుమతి చేయరాదు అని స్పష్టముగా నున్నది. ఆ నిబంధనల ముసాయిదాను 2021 నవంబరులో ఒకసారి, 2022 నవంబరులో మరియొకసారి ప్రకటించిరి. చట్టము పుట్టిన పదునైదేండ్లకు ముసాయిదా! తూనికలు కొలతల శాఖవారు 2013 జనవరి 1 నుండి జన్యుమార్పిడి ఆహారపు పొట్లములపై ‘జి.ఎం.’ అని వ్రాయవలెనని ఉత్తరువు చేసిరి. పాఠకమహాశయులు తమ యింటి నూనె డబ్బాను ఒకసారి త్రిప్పి చూచుకొందురుగాక. పరీక్షించువాడు లేనిచోట వ్రాయువాడెవడు?

ఇంకొక వింత కలదు. 2020 ఆగస్టు 21న మన ఆహార భద్రతా సంస్థ, 24 రకముల పంటలు విదేశమునుండి వచ్చునప్పుడు జన్యుమార్పిడి లేదని ధ్రువపత్రము తేవలెనని ఆజ్ఞాపించినది. పొరపాటున కలసినచో నూటికి ఒకటి వరకు క్షమించినది. ఆజ్ఞ మంచిదే. కాని ధ్రువపత్రమిచ్చునది ఎవరు? ఆ సరకు పంపు దేశమువారే. మన సరకు వారు తమ రేవులో తామే పరీక్షించుకొందురు. వారి సరకునకు వారిచ్చిన కాగితమునే మనము కన్నులకద్దుకొందుము. ఈ పాటి ఆజ్ఞకే అమెరికా మొదలైన దేశములు ప్రపంచ వర్తక సంస్థలో అభ్యంతరము చెప్పినవి. తరువాత, 2021లో కోళ్లమేతకు ధర పెరిగినదని జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల వరకు దిగుమతి చేసికొనుటకు మన ప్రభుత్వమే తలుపు తెరచినది. 2025లో జరిగిన వర్తక సంప్రదింపులలో జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయాలకై ఆ తలుపును ఇంకను వెడల్పు చేయుమని అమెరికా ఒత్తిడిచేసెను.

ఎగుమతి సరకు నాణ్యతకు 1963లోనే ప్రత్యేకముగా ఒక చట్టము చేసికొంటిమి. అంతకు పూర్వము, తెల్లదొరల నాడు, 1937లో వచ్చినదే ఆగ్‌మార్కు చట్టము. పరదేశి వర్తకుడు మెచ్చవలెనన్న ఆతురత మన ప్రభుత్వములకు ఎన్నడును తక్కువ కాలేదు. దొర పోయెను గాని దొర పళ్లెమునకు ముందు వడ్డించు అలవాటు పోలేదు.

మేము విజ్ఞానమునకు శత్రువులమని కొందరు వ్రాయుదురు. వారు తొందరపడవలదు. 2006 ప్రాంతమున వరంగల్లు జిల్లాలో బీటీ పత్తి చేలు మేసిన గొర్రెలు చచ్చినవని గొప్ప అలజడి రేగెను. దానికి కారణమిదియే యని తేల్చు రుజువు మాకు కనబడలేదు గనుక ఆ మాటను మేము వాదమునకు వాడము. జన్యుమార్పిడి ఆహారమెల్ల విషమనియు మేమనము. మేమడుగునది ఒక్కటే: ఉన్నదా లేదా తెలుసుకొను హక్కు. ఆ తెలివికి సాధనమైన పి.సి.ఆర్. కూడ విజ్ఞానమే కదా. విత్తనము వైపు విజ్ఞానమును వాడి, గింజను తినువాని వైపు దానిని దాచిపెట్టుట ఏ శాస్త్రము?

‘మన దేశములో ఆహారపు పంటలకు అనుమతి లేదు గదా, భయమేల?’ అని పెద్దలు ధైర్యము చెప్పుచున్నారు. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరి 9న నాటి మంత్రి జైరాం రమేశ్ నిలిపివేసిన మాట నిజము. అయినను 2019లో హర్యానాలోని ఫతేహాబాదులో అదే జాతి వంకాయ చేనులో కాయుచు దొరికెను. కలుపుమందునకు చావని పత్తికి అనుమతి ఎన్నడును లేదు. 2017 నాటికే అది తెలంగాణము, ఆంధ్రము, మహారాష్ట్రములందు దొంగచాటుగా ప్రాకియుండెను. వానకాలము వచ్చినదనగా మన జిల్లాలలో పోలీసులు దొంగవిత్తనముల సంచులు పట్టుట ఏటేటి వార్తయే. అనుమతి లేనంతమాత్రమున వస్తువు లేదనుట, దొంగతనము నేరము గనుక దొంగలు లేరనుట వంటిది. ఆవాల విషయములో 2022 అక్టోబరు 18న నిపుణుల సంఘము సిఫారసు చేసినది. 2024 జూలై 23న సుప్రీముకోర్టు న్యాయమూర్తులిద్దరును అనుమతి చెల్లునా చెల్లదా యను దానిలో భిన్నాభిప్రాయులైరి గాని, జాతీయ విధానమొకటి ఉండవలెననుటలో ఏకీభవించిరి.

కంది విషయములో ప్రమాదము ఇంకను సూక్ష్మము. కందిపూవు తేనెటీగలను పిలుచు పూవు. ఒక చేని పుప్పొడి వేరొక చేనికి పోవును. రేపు ఎవరైనను జన్యుమార్పిడి కందిని చేనికి దింపినచో, గట్టు ఇవతలివాని పేరునకు గల ముద్రను ఏ కంచె కాపాడును? ఆ పరిశోధనలు మనకు రెండు గడియల ప్రయాణ దూరములోనే జరిగినవని మరువరాదు. రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ 2025 మే 4న ‘కమల’ అను క్రొత్త వరిని ప్రకటించినది. అది మన సాంబమసూరిలోని జన్యువునే సవరించి తీసినది, అన్యజన్యువు చేర్చినది కాదు. అట్టివాటిని 2022 మార్చిలోనే పాత నిబంధనలనుండి తప్పించిరి. మన శాస్త్రజ్ఞుల నేర్పును మేము గౌరవింతుము. కాని అందులో పరజన్యువు లేదు గనుక, పరజన్యువును వెదకు మామూలు పరీక్షకు అది చిక్కదు. 2018 జూలై 25న ఐరోపా న్యాయస్థానము ఇట్టి సవరణలును జన్యుమార్పిడి చట్టమునకు లోబడినవే యని తీర్పు చెప్పినది. పిమ్మట అక్కడ ఆ కట్టును సడలించు యత్నము సాగినది. వారేమి తేల్చుకొన్నను, ఏ విత్తనము ఏ ఊరికి పోయినదో విత్తునాడే లెక్క వ్రాసి ఉంచుట తప్ప మనకు దారిలేదు.

ఇక ఖర్చు మాట. పరీక్ష రుసుమును రైతు నెత్తిన వేయుదురేమోయని మా భయము. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్లున్నవానికి ఈ రుసుమును కూడనా? తన పంట కల్తీ కాలేదని కల్తీ చేయనివాడు సొమ్మిచ్చి రుజువుచేసికొనుట ఏ ధర్మశాస్త్రములోను లేదు. జన్యుమార్పిడి విత్తనమమ్మి లాభము గైకొనువాడు ఆ ఖర్చు భరించవలెను. అసాధ్యమందురా? 2006లో ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము విత్తన కంపెనీ వారి రాయల్టీ మీద గుత్తవర్తక నిరోధ కమిషను నెక్కగా, 1,600 రూపాయలు దాటిన బీటీ పొట్లము 750 రూపాయలకు దిగెను. ప్రభుత్వము నడుము కట్టినచో కంపెనీ నడుము వంగునని మనము కన్నులార చూచితిమి. పొట్లమునకు కొలది పైకము పరీక్షానిధికని నిర్ణయించుట కష్టమైన పని కాదు.

సాధనములును దూరములో లేవు. బీటీ మాంసకృత్తును పట్టు కాగితపు పట్టీలు కలవు. నలిపిన గింజల నీటిలో ముంచిన నిమిషములలో గీత చూపును. యార్డులో చదువుకొనిన గుమాస్తా ఎవడైనను చేయగలడు. అది తొలి వడపోత మాత్రమే. అనుమానమున్న మాదిరిని హైదరాబాదు ఉప్పలులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రమునకు పంపవచ్చును. తాండూరునుండి అది నూరు మైళ్లైనను లేదు. శుద్ధిచేసిన నూనెలో మాత్రము డి.ఎన్.ఏ. దాదాపు నిలువదు, అచ్చట పరీక్ష పనిచేయదు. గింజనుండి డబ్బా వరకు లెక్కలు చూడవలసినదే. మాదిరి తీయు విధానమే అన్నిటికంటె ముఖ్యము. పైసంచిలో ఇనుప గొట్టము గ్రుచ్చి పిడికెడు తీసి రాశి యంతటికి సాక్ష్యమనుట చెల్లదు. అడుగు సంచులనుండియు తీయవలెను. రైతు ఎదుట మూడు భాగములు చేసి ముద్రవేయవలెను. ఒకటి రైతునకు, ఒకటి యార్డునకు, ఒకటి ప్రయోగశాలకు. కేసులలో మాదిరుల ముద్రలు చెదరి నేరస్థులు బయటపడుట చూచి చూచి మేమీ మాట వ్రాయుచున్నాము.

ఆ యార్డు గదిలోనే ఊరివారు తెచ్చిన నూనె చెక్కను, పశువుల దాణాను, పొట్లపు సోయాను కూడ పరీక్షింపవలెను. ఓడ కొక గది, ఊరి కొక గది వలదు. అపరాలకు 2006లో పడిన ఎగుమతి నిషేధము కంది విషయములో 2017 సెప్టెంబరులో తొలగినది. నాటినుండి తలుపు తెరచియే యున్నది గాని, మొజాంబిక్కు, బర్మా కందులు దిగుమతియై మన కందిలో కలియుచున్న ఈ దినములలో తాండూరు పేరు నిలువవలెనన్నను ఆ గదియే ఆధారము.

వచ్చు డిసెంబరు, జనవరి మాసములలో క్రొత్త కంది యార్డునకు దిగును. దానికి ముందే మార్కెటు కమిటీవారు ఒక గది చూపి, ఇద్దరు గుమాస్తాలకు పని నేర్పి, మాదిరులకు తాళపు బీరువా యొకటి కొనవలెనని కోరుచు మహజరు వ్రాసియుంచితిమి. అది వికారాబాదు, తాండూరు గ్రంథాలయములలో బల్లమీద నుండును. పత్రిక చదువ వచ్చినవారు చేవ్రాలు చేసి పొండు; చేవ్రాలు రాని రైతులను వెంటబెట్టుకొని వచ్చి వారి వ్రేలిముద్ర వేయింపుడు. సంతకములు పూర్తియైన నెలకు మేమే దానిని కలెక్టరు కచ్చేరీలో దాఖలు చేసి, రశీదు నెంబరు ఈ పుటలోనే ప్రకటింతుము.